వేడి చేసింది అనుకునే ముందు

ఒక మే నెల ఉదయం మా బావగారికి మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. ఒక్క క్షణం చూసుకుని "వేడి చేసింది" అనుకున్నారట. అక్క బార్లీ కాచింది, సబ్జా నానబెట్టింది, రెండు పూటలా పల్చటి మజ్జిగ పోసింది. మూడో రోజుకి మామూలుగా వచ్చింది. బార్లీ గెలిచిందని ఇంటిల్లిపాదీ నమ్మారు. నరసరావుపేట ఎండల్లో నలభై ఏళ్లు తిరిగిన మనిషికి వేడి చేయడంలో వింతేముంది?

ఆగస్టులో మళ్లీ ఎర్రగా వచ్చింది. బయట ముసురు పట్టి ఉంది. ఈసారి వేడి అనడానికి ఆయనకే మొహం చెల్లలేదు. అయినా ఇంకో మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు.

నా సంగతి చూడండి. అంతకు రెండేళ్ల ముందు, రాత్రి రెండు గంటలకి, ఎడమ నడుములోంచి గజ్జల్లోకి పాకిన నొప్పికి మంచం మీంచి కిందికి జారి మెలికలు తిరిగిపోయాను. మా ఆవిడ ఏడుస్తూ ఆటో పిలిచింది. మా వీధి మొత్తం లేచింది. తెల్లారేసరికి స్కానింగ్, రక్త పరీక్షలు, చేతికి సెలైన్. మూత్రనాళంలో 4 మిల్లీమీటర్ల రాయి. పదకొండో రోజున అది దానంతటదే పడిపోయింది. పెసరబద్దంత ఉందో లేదో.

ఇప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టండి. ప్రాణానికి ముప్పు లేని నాలుగు మిల్లీమీటర్ల రాయికి వీధంతా పరుగెత్తింది. మూత్రాశయంలో క్యాన్సర్ కణితి పెరుగుతున్న మనిషికి ఇంట్లో బార్లీ కాచారు. నొప్పి అరిచింది కాబట్టి విన్నాం. రక్తం అరవలేదు కాబట్టి వదిలేశాం.

మూత్రకోశ వ్యాధుల మీద ఈ పాతికేళ్లలో వచ్చిన పరిశోధనల్ని తిరగేస్తే నాకు అర్థమైంది ఒకటే. ఎక్కడ ఆగొచ్చో, ఎక్కడ ఒక్కరోజు కూడా ఆగకూడదో పరిశోధకులు కొలిచి చూపిస్తున్నారు. ఆ కొలతలు మన ఇళ్లలోని అలవాటుకి చాలాచోట్ల తలకిందులుగా ఉన్నాయి. నేను డాక్టర్ని కాదు. బ్యాంకులో లోన్ ఫైళ్లు చదివిన వాణ్ణి. ఈ అధ్యాయం ఆ చదివే అలవాటుతో రాసిందే. మీ మందుల చీటీ మార్చుకోవడానికి దీన్ని వాడకండి. డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు నోరు తెరవడానికి వాడండి.

రాయి దగ్గర తొందర

రాయి నొప్పి వచ్చిన మనిషికి మొదట కావాల్సింది నొప్పి తగ్గడం. పెద్ద ఇంజెక్షన్ ఇస్తేనే తగ్గుతుందని మనకో నమ్మకం. 2016లో దోహాలోని ఒక పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగంలో 1,645 మంది మీద చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. గల్ఫ్ ఎండలో పనిచేసే మన కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల వాళ్లకి రాయి నొప్పి కొత్త కాదు కాబట్టి ఆ ఊరి పేరు చూసి నేను ఆగి చదివాను. మార్ఫిన్ కొందరికి, డైక్లోఫెనాక్ సూది కొందరికి, పారాసెటమాల్ సెలైన్ కొందరికి ఇచ్చి అరగంట తర్వాత అడిగారు. నొప్పి కనీసం సగానికి తగ్గినవాళ్లు డైక్లోఫెనాక్‌తో 68 శాతం, పారాసెటమాల్‌తో 66 శాతం, మార్ఫిన్‌తో 61 శాతం. ఆ మామూలు సూది చాలని తేలింది. కిడ్నీ పనితీరు ముందే దెబ్బతిన్నవాళ్లకీ కడుపులో పుండున్నవాళ్లకీ మాత్రం డైక్లోఫెనాక్ పనికిరాదు. ఆ సంగతి సూది వేసేముందే చెప్పాల్సింది మనం.

నొప్పి తగ్గాక వచ్చే ప్రశ్న, తీయించాలా ఆగాలా? అయిదు మిల్లీమీటర్ల లోపు రాళ్లలో మూడింట రెండు వంతులు వాటంతటవే పడిపోతాయి. అయిదు నుంచి పది మధ్య అయితే దాదాపు సగం. త్వరగా పడటానికని టామ్‌సులోసిన్ మాత్ర రాయడం ప్రపంచమంతటా ఆనవాయితీ అయింది. బ్రిటన్‌లో 1,100 మందికి పైగా రోగులతో చేసిన పరీక్ష 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్లలోనూ, ఉత్త పిండి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ నాలుగు వారాల్లో ఆపరేషన్ అవసరం పడనివాళ్లు నూటికి ఎనభై చొప్పునే ఉన్నారు. అయిదు మిల్లీమీటర్లు దాటి, నాళం అడుగున ఇరుక్కున్న రాళ్లకి ఇది కొంత ఉపయోగమని ఇప్పటికీ వైద్యులు రాస్తారు, రాయనివ్వండి. చిన్న రాయికి మాత్రం ఆ మాత్ర మహిమ అనుకున్నది చాలావరకు కాలం మహిమే.

అరటి దవ్వ రసం, ఉలవచారు, కొండపిండాకు కషాయం తాగి రాయి పడిపోయిందని చెప్పే మా పక్కింటాయన్ని నేను అబద్ధాలకోరు అనను. ఆయన రాయి పడిపోయింది, నిజమే. కానీ పిండి మాత్ర వేసుకున్న ఎనభై మందికీ ఇబ్బంది తప్పింది కదా! పడిపోవాల్సిన రాయి ఎవరి చేతిలో ఉన్నప్పుడు పడితే వాళ్లకే పేరొస్తుంది.

ఆగకూడని రాళ్లూ ఉన్నాయి. ఇక్కడ నెమ్మదిగా చదవండి. నొప్పితో పాటు చలి, వణుకు, జ్వరం వస్తే రాయి వెనక నిలిచిన మూత్రంలో చీము పడుతోందేమోనని అనుమానించాలి. ఆ రాత్రే ఆసుపత్రిలో ఉండాలి. గంటలు ఆలస్యమైతే ప్రాణం పోతుంది. ఒక్క కిడ్నీయే ఉన్నవాళ్లు, గర్భిణులు, మూత్రం బొత్తిగా ఆగిపోయినవాళ్లు, గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవని వాళ్లు కూడా అంతే. ఇంకో పొరపాటు, నొప్పి ఆగిపోయింది కాబట్టి రాయి పడిపోయిందని అనుకోవడం. కొన్నిసార్లు పడదు. అక్కడే ఇరుక్కుని, కిడ్నీని మెల్లగా ఉబ్బిస్తూ, కిమ్మనకుండా కూర్చుంటుంది. నెలలు గడిచాక స్కానింగ్ తీస్తే కిడ్నీ పనిచేయడం మానేసి ఉండొచ్చు. కాబట్టి రాయి కంటితో చూడకపోతే నాలుగు వారాల్లో ఇంకో స్కానింగ్ తప్పదు. నాకు రాయి పడింది టీ వడగట్టే జల్లెడలో. ఆ జల్లెడ మళ్లీ వంటింట్లోకి రాలేదు, అది వేరే గొడవ.

ఆ రాయిని దాచి ల్యాబుకి పంపండి. అది దేనితో తయారైందో తెలిస్తే సగం వైద్యం తెలిసినట్టే. యూరిక్ యాసిడ్ రాయి అయితే మూత్రంలో పులుపు తగ్గించే పొటాషియం సిట్రేట్ లాంటి మందుతో కరిగిపోగలదు. ఎక్కువమందిలో ఉండే కాల్షియం ఆక్సలేట్ రాయి అలా కరగదు. "రాళ్లు కరిగించే మందు" అని బోర్డు పెట్టిన వాళ్లని ఏ రాయి అని అడిగి చూడండి.

ఆపరేషన్ తప్పనప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటి 2022లో తేలింది. పెద్ద రాయి తీయడానికి వెళ్లినప్పుడు, నొప్పి పెట్టకుండా పక్కన పడి ఉన్న చిన్న రాళ్లని చాలామంది వైద్యులు వదిలేసేవారు. అమెరికాలో 73 మంది మీద పరీక్షించి చూస్తే, చిన్నవి కూడా తీసిన వాళ్లలో 16 శాతం మందికే మళ్లీ ఇబ్బంది వచ్చింది. వదిలేసిన వాళ్లలో 63 శాతం మందికి వచ్చింది. ఆపరేషన్‌కి అదనంగా పట్టింది సుమారు అరగంట. కాబట్టి "మిగతా చిన్నవి కూడా ఈసారే తీసేస్తారా, డాక్టరు గారూ?" అన్న ఒక్క మాట మత్తు ఇవ్వకముందే అడగండి.

ఒక ఆదివారం కొలత

రాయి ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఆపడానికి ఏళ్ల తరబడి థయజైడ్ అనే మాత్ర రాస్తూ వచ్చారు. స్విట్జర్లాండ్‌లో 416 మందిని దాదాపు మూడేళ్లు గమనించిన పరీక్ష ఫలితం 2023లో వచ్చింది. పిండి మాత్ర వాడిన వాళ్లలో 59 శాతం మందికి రాయి తిరిగొచ్చింది. అసలు మాత్రని మూడు మోతాదుల్లో వాడిన వాళ్లలో 59, 56, 49 శాతం. లెక్క కట్టి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కాదన్నారు. దశాబ్దాల నమ్మకం అలా వీగిపోయింది. నాకు ఆ వైద్యుల మీద గౌరవమే పెరిగింది. తాము రాసే మందునే తాము పరీక్షకి పెట్టారు.

మరి నిలబడింది ఏది? నీళ్లు. ఇటలీలో బోర్గి బృందం మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని అయిదేళ్లు చూసింది. ఒక గుంపుకి రోజుకి రెండు లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగమన్నారు, రెండో గుంపుకి ఏమీ చెప్పలేదు. తాగిన వాళ్లలో 12 శాతం మందికి, మిగతా వాళ్లలో 27 శాతం మందికి రాయి తిరిగొచ్చింది. 1996 నాటి ముచ్చట ఇది, దీనికి ఏ కంపెనీ ప్రకటన ఇస్తుంది?

గమనించారా, వాళ్లు కొలిచింది తాగిన నీళ్లని కాదు, వచ్చిన మూత్రాన్ని. నేను రోజుకి మూడు లీటర్లు తాగుతానని అందరితో వాదించేవాణ్ణి. ఒక ఆదివారం రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ కోసి బాత్‌రూంలో పెట్టుకున్నాను. పొద్దున మొదటిసారి వెళ్లింది వదిలేసి, అప్పటినుంచి మర్నాడు పొద్దున మొదటిది కలుపుకుని మొత్తం అందులో పట్టాను. తొమ్మిది వందల మిల్లీలీటర్లు! మిగతాదంతా విజయవాడ ఏప్రిల్ చెమటలో పోయింది. మీరూ ఒక ఆదివారం ఈ పని చేయండి. రెండు లీటర్లు దాటి రెండున్నరకి దగ్గరగా వస్తే చదవడం ఆపి కాఫీ తాగండి. రాకపోతే ఎండాకాలానికి ఒక లెక్క, చలికాలానికి ఒక లెక్క పెట్టుకోవాలి. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు మరీ ముఖ్యం, మూత్రం బాగా చిక్కబడేది రాత్రే.

గుండె బలహీనమైన వాళ్లకీ కిడ్నీలు దెబ్బతిన్న వాళ్లకీ ఈ సలహా వర్తించదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బు రాళ్ల జబ్బు కాదు. రెండిటికీ ఒకటే నీళ్ల వైద్యం చెప్పే వాట్సాప్ సందేశాలు ప్రమాదకరం.

తిండి విషయంలో మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు పాలూ పెరుగూ మానేయడం. రాయిలో కాల్షియం ఉంది కాబట్టి కాల్షియం మానాలి అన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. అదే బోర్గి బృందం 2002లో దాన్ని బోర్లా వేసింది. మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోయే 120 మంది మగవాళ్లలో సగం మందికి కాల్షియం తగ్గించిన తిండి, మిగతా సగానికి మామూలు కాల్షియంతో పాటు ఉప్పు, మాంసం తగ్గించిన తిండి పెట్టారు. అయిదేళ్లలో మొదటి గుంపులో 23 మందికి, రెండో గుంపులో 12 మందికి రాయి తిరిగొచ్చింది. పేగుల్లో కాల్షియం ఉంటే ఆక్సలేట్‌ని అక్కడికక్కడే పట్టుకుని బయటికి పంపేస్తుంది. కాల్షియం లేకపోతే ఆక్సలేట్ తిన్నగా కిడ్నీకి చేరుతుంది. అందుకే పాలకూర పప్పు తిన్నరోజు పెరుగన్నం మానకండి. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ పోతుంది. అంటే మా గుంటూరు వాళ్లం అనుమానించాల్సింది పెరుగు గిన్నెని కాదు, దాని పక్కనున్న ఆవకాయ జాడీని. పాపం టమాటా గింజలకి దొంగ పేరు ఊరికే పడింది, టమాటాలో ఆక్సలేట్ తక్కువే.

ఎరుపు దగ్గర తాత్సారం

ఇక బావగారి దగ్గరికి రావాలి. సెప్టెంబరులో బాత్‌రూం నేల మీద ఎర్రటి చుక్క చూసి అక్క నాకు ఫోన్ చేసింది. "మీ బావగారితో నువ్వే మాట్లాడరా, నాతో అయితే కసురుకుంటున్నారు" అంది. నేను వెళ్లి, "ఏమండీ బావగారూ, ఎన్నాళ్ల నుంచి?" అని అడిగితే ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అరవై రెండేళ్ల మనిషి, రోజుకి పెట్టె సిగరెట్లు కాల్చిన మనిషి, ఒంటేలు గురించి బావమరిదితో మాట్లాడటానికి సిగ్గుపడ్డారు. ఆ సిగ్గు ఆయన నుంచి నాలుగు నెలలు తినేసింది.

మూత్రాశయ క్యాన్సర్‌కి మొదటి గుర్తు చాలామందిలో నొప్పి లేని రక్తమే. అది వచ్చి ఆగిపోతుంది. వారాలు, నెలలు కనిపించదు. ఆ ఖాళీలో ఏది తాగి ఉంటే దానికి ఘనత వస్తుంది. మన ఉలవచారు కథే ఇది, కాకపోతే ఇక్కడ మూల్యం వేరు. ఈ క్యాన్సర్లలో దాదాపు సగం పొగాకు వల్లే. పొగలోని విషాలు రక్తంలోంచి కిడ్నీలు వడగట్టగా మూత్రంలోకి చేరి, గంటల తరబడి మూత్రాశయం గోడని తడుపుతూ కూర్చుంటాయి. ఊపిరితిత్తుల బొమ్మ ఒకప్పుడు సిగరెట్ పెట్టె మీద వేసేవారు కాబట్టి అది తెలుసు, ఇది తెలియదు.

నియమం ఒక్కటే పెట్టుకోండి. నలభై దాటిన మనిషికి మూత్రంలో రక్తం ఒక్కసారి కంటికి కనిపిస్తే, ఆగిపోయినా సరే, ఆ వారంలోనే యూరాలజిస్టు దగ్గరికి. అంతకంటే చిన్నవాళ్లు కూడా చూపించుకోవాల్సిందే. ఆడవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే వాళ్ల రక్తాన్ని ఇన్‌ఫెక్షన్ అనో నెలసరి గొడవ అనో అందరూ సర్దేస్తారు. బీట్‌రూట్ తిన్నా, కొన్ని మాత్రలు వేసుకున్నా రంగు మారుతుంది, సరే. ఆ మాట తేల్చాల్సింది మైక్రోస్కోపు.

బావగారికి సన్నటి కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూశారు. సముద్రపు పాచిలాంటి కణితి. గొట్టంలోంచే చెక్కి తీసి ముక్క పరీక్షకి పంపారు. అదృష్టం, కండరంలోకి దిగలేదు, కానీ తిరిగొచ్చే రకం. అప్పుడు వాళ్లు రాసిన మందు పేరు విని నేను పొరబడ్డాననుకున్నాను. బీసీజీ!

అవును, మన చంటిపిల్లలకి క్షయ రాకుండా వేసే టీకా, మన భుజాల మీద మచ్చ పెట్టిందే. కెనడాలో కింగ్‌స్టన్ ఊళ్లో ఆల్వారో మొరాలెస్ అనే వైద్యుడు దాన్ని మూత్రాశయంలోకి ఎక్కించి, 1976లో తొమ్మిది మంది రోగుల ఫలితం ప్రచురించాడు. బలం తగ్గించిన ఆ సూక్ష్మజీవుల్ని చూసి ఒంటి రక్షణ సైన్యం మూత్రాశయం గోడ మీదికి ఉరికొస్తుంది, వచ్చినది క్యాన్సర్ కణాల్ని కూడా మట్టుపెడుతుంది. ఇప్పటి ఖరీదైన ఇమ్యూనోథెరపీలన్నిటికీ ఇదొక రకంగా పెద్దన్న. దశాబ్దాలుగా ఈ రకం క్యాన్సర్‌కి మొదటి వరస మందుగా నిలబడి ఉంది.

వారానికొకటి చొప్పున ఆరు వారాలు, తర్వాత విడతలు విడతలుగా. ఎక్కించాక రెండు గంటల దాకా బిగబట్టాలి. ప్రొస్టేట్ కూడా పెరిగిన మనిషికి ఆ రెండు గంటలు ఏకాదశి ఉపవాసం కంటే కష్టం. బావగారు అష్టావధానం వీడియోలు పెట్టుకుని గట్టెక్కారు. అందులో ఉన్నవి బతికున్న సూక్ష్మజీవులు కాబట్టి మొదటి ఆరు గంటలు కూర్చునే మూత్రం పోయాలి, ప్రతిసారీ బ్లీచ్ పోసి పావుగంట ఆగి నీళ్లు కొట్టాలి. ఈ సంగతి మాకు ఒక నర్సమ్మ చెప్పింది, డిశ్చార్జి కాగితంలో లేదు. ఒకటి రెండు రోజులు మంట, కొద్దిపాటి జ్వరం మామూలే. జ్వరం బాగా ఎక్కినా, రెండు రోజులు దాటి నిలిచినా ఫోన్ చేయాలి.

బీసీజీ పనిచేయని వాళ్లకి మొన్నటిదాకా మిగిలిన దారి మూత్రాశయం తీసేయడమే. ఆ దారి పక్కన ఇప్పుడు వేరే దారులు పడుతున్నాయి. జెమ్‌సైటబిన్ అనే పాత కీమో మందుని చిన్న చుట్టలాంటి సాధనంలో నింపి మూత్రాశయంలో వదిలితే వారాలపాటు కొంచెం కొంచెంగా ఊరుతుంది. 2025 సెప్టెంబరులో అమెరికా దీన్ని ఆమోదించింది. బీసీజీకి లొంగని 83 మందిలో 82 శాతం మందికి క్యాన్సర్ కనిపించకుండా పోయింది, అలా పోయినవాళ్లలో సగం మందికి ఏడాది దాకా తిరిగి రాలేదు. మిగతా సగం సంగతి కూడా గుర్తుంచుకునే ఈ వార్త చదవాలి.

మూత్రాశయం దాటి పాకిన క్యాన్సర్‌లో వచ్చిన మార్పు ఇంకా పెద్దది. 2023 అక్టోబరులో మాడ్రిడ్ సదస్సులో ఒక ఫలితం చదివితే వైద్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. క్యాన్సర్ కణాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీకి కీమోని తగిలించిన ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, దానితో కలిపి ఇమ్యూనోథెరపీ మందు పెంబ్రోలిజుమాబ్. 886 మందిలో, పాత కీమో తీసుకున్నవాళ్లలో సగం మంది 16.1 నెలలు దాటి బతికితే, ఈ జోడీ తీసుకున్నవాళ్లలో సగం మంది 31.5 నెలలు దాటి బతికారు. ఖర్చు చాలా ఎక్కువ. ఆస్తులు తాకట్టు పెట్టేముందు ఆ మందు రోగిని పూర్తిగా నయం చేస్తుందా, ఆయుష్షు పొడిగిస్తుందా అని అడిగి తెలుసుకోవడం ఇంటివాళ్ల హక్కు.

పాతదని కీమోని తీసిపారేయనక్కర్లేదు. మూత్రాశయం తీసేముందు ఇప్పటికీ ఇచ్చే నాలుగు మందుల కలయికలో మొదటిది మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందు. ఆయన పోయింది 1948లో. ఆ మందు ఇంకా పనిలోనే ఉంది.

ఆగమన్నా భయమే

మా అపార్ట్‌మెంట్‌లో ఒక మాస్టారు గారున్నారు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో ప్రొస్టేట్ రక్తపరీక్ష పీఎస్‌ఏ ఎక్కువొచ్చి, ముక్క పరీక్షలో ప్రొస్టేట్ క్యాన్సర్ చిన్నది, నెమ్మదైనది అని తేలింది. "ప్రస్తుతానికి ఏమీ చేయకుండా చూస్తూ ఉందాం" అన్నారు డాక్టరు. మాస్టారు ఆ రాత్రి నిద్రపోలేదు. క్యాన్సర్‌ని ఒంట్లో పెట్టుకుని చూస్తూ ఉండటమేమిటి?

ఆ డాక్టరు మాట వెనక ఉన్నది బ్రిటన్‌లో 1,643 మందిని పదిహేనేళ్లు వెంబడించిన పరీక్ష. ఒక గుంపుని గమనిస్తూ ఉండిపోయారు, ఒక గుంపుకి ఆపరేషన్, ఒక గుంపుకి రేడియేషన్. 2023లో ఫలితం వచ్చింది. ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్లు వరసగా 3.1, 2.2, 2.9 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే గమనించిన గుంపులో జబ్బు పాకినవాళ్లు 9.4 శాతం, మిగతా రెండిట్లో దాదాపు అయిదు శాతమే. ఆ గుంపులో అరవై శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు వైద్యం చేయించుకున్నారు కూడా. కాబట్టి "చూస్తూ ఉండటం" అంటే చెప్పిన తేదీకి పీఎస్‌ఏ, అవసరమైతే ఎంఆర్‌ఐ, మళ్లీ ముక్క పరీక్ష. తేదీ తప్పేవాళ్లకి ఇది పనికిరాదు. దూకుడు రకం క్యాన్సర్‌కి ఈ మాట అసలు వర్తించదు. మూత్రం పట్టు తప్పడం, దాంపత్యంలో ఇబ్బంది లాంటివి ఆపరేషన్ వెంట వస్తాయి కాబట్టి, అవి ఎన్నేళ్లు వాయిదా పడితే అంత లాభం అని మాస్టారికి అర్థమయ్యేలా చెప్పింది వాళ్ల కోడలు. ఆయన అడగలేకపోయిన ప్రశ్నలు డాక్టర్ని అడిగింది కూడా ఆమే.

వైద్యం కావాల్సిన వాళ్లకి కూడా దారి పొట్టిదవుతోంది. "కరెంటు పెట్టడం" అంటే నెలన్నర పైన హైదరాబాద్‌లో గది అద్దెకి తీసుకోవడం అని మనకి తెలుసు. జబ్బు గ్రంథి దాటని వాళ్లలో అయిదు సిట్టింగుల రేడియేషన్, నాలుగు వారాలో ఎనిమిది వారాలో సాగే మామూలు రేడియేషన్‌కి ఏమాత్రం తీసిపోదని 2024లో వచ్చిన ఒక పరీక్ష చూపించింది. అయిదేళ్లు జబ్బు తిరగబడనివాళ్లు 95.8 శాతం, రెండో వైపు 94.6. అన్నిటా తక్కువే మంచిదని కాదు. ముంబయి టాటా మెమోరియల్‌లో వేదాంగ్ మూర్తి బృందం, జబ్బు పాకే ముప్పు ఎక్కువున్న 224 మందిలో ప్రొస్టేట్‌తో పాటు పొత్తికడుపు లింఫ్ గ్రంథులకి కూడా రేడియేషన్ ఇస్తే మేలని 2021లో తేల్చింది. తన క్యాన్సర్ ఏ రకమో తెలియనివాడికి ఈ రెండు వార్తలూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు కనిపిస్తాయి.

ఫైలు చదివినట్టు

లోన్ ఫైలు వచ్చినప్పుడు నేను ముందు చివరి పేజీ తిప్పేవాణ్ణి. హామీ ఎవరు, ఎంతకి? వైద్య వార్త కూడా అలాగే చదువుతాను. మనుషుల మీద చేశారా, ఎంతమంది మీద, పక్కన పోల్చడానికి ఇంకో గుంపు ఉందా, నాలాంటి వాళ్లు అందులో ఉన్నారా? రోలర్ కోస్టర్ వెనక సీట్లో కూర్చుంటే రాయి పడిపోతుందని ఒక వార్త తిరిగింది, గుర్తుందా? ఆ పరిశోధన నిజమే. 2018లో నవ్వించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. వెనక సీట్లో 64 శాతం, ముందు సీట్లో 17 శాతం రాళ్లు పడ్డాయి. కానీ ఆ సీట్లో కూర్చున్నది సిలికాన్‌తో పోసిన కిడ్నీ నమూనా! మా అబ్బాయి నన్ను పార్కుకి తీసుకెళ్తానన్నప్పుడు ఈ చివరి పేజీయే చూపించాను.

డాక్టరు దగ్గరికి ఒక కాగితం రాసుకుని వెళ్లండి. ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు, వాడుతున్న మందులు, పొగాకు ఎన్నేళ్లు. దాని వెనక పక్క మూడు ప్రశ్నలు. ఇప్పుడు చేయకపోతే ఏమవుతుంది? చేస్తే నాలాంటి వందమందిలో ఎంతమందికి మేలు? ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఇది వస్తుందా? జవాబు రాసుకోవడానికి వెంట ఇంకొకరిని తీసుకెళ్లండి. రోగికి మొదటి వాక్యం తర్వాత ఏదీ వినిపించదు, బావగారికి "క్యాన్సర్" తర్వాత ఏమన్నారో ఇప్పటికీ గుర్తులేదు. మూత్రనాళంలో స్టెంట్ గొట్టం వేస్తే అది ఎప్పుడు తీయాలో తేదీ రాయించుకోండి. నొప్పి పోయిందని స్టెంట్‌ని ఏళ్లతరబడి మర్చిపోయి, దానిమీద రాయి గట్టిపడ్డాక తిరిగొచ్చేవాళ్లు ప్రతి యూరాలజిస్టుకీ తగులుతారు.

బావగారికి మూడు నెలలకోసారి కెమెరా పరీక్ష, మొదటి రెండేళ్లూ. ఆ తేదీలు గోడ మీద వెంకట్రామా క్యాలెండర్‌లో, సంకటహర చతుర్థికీ గ్యాస్ బుకింగుకీ మధ్య ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టి ఉంటాయి. చుట్టేది అక్క. మొన్న వెళ్లినప్పుడు చూస్తే ఒక గుండ్రం పక్కన బావగారి చేతిరాత కనిపించింది, "ఉదయం 9, పరగడుపున, బావమరిదిని రమ్మనాలి" అని.